అగ్రిప్పాల అలమర

కంటి ఆపరేషన్ చేయించుకుని పదహారు రోజుల తర్వాత డ్యూటీకి వచ్చిన సేనాని, తన అలమర ఖాళీగా కనబడేసరికి ముందు కంటినే అనుమానించాడు. నల్లద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. ఎలా చూసినా ఖాళీయే. పుస్తకాలన్నీ నేలమీద ఐదు కట్టలుగా పురికొస బిగించి ఉన్నాయి. ప్రతి కట్టమీదా ఎర్ర పెన్సిలుతో అడ్డగీత.

కౌంటరు వెనక నుంచి కార్డమ్మ ఇదంతా చూస్తోంది. ఆ ముఖం ఎలా మారుతుందో చూడ్డానికే ఆ రోజు అరగంట ముందొచ్చి కూర్చుంది.

సేనాని అన్నది ఆ లైబ్రరీలో అందరూ ఆయనకు చాటున పెట్టుకున్న పేరు. కేటలాగు తయారుచేయడం ఆయన పని. ఇంకో నెలలో రిటైరవుతాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ప్రాణమంతా అగ్రిప్పా అనే రోమన్ సేనాధిపతి మీదే. ఆ సేనాధిపతి గురించిన పుస్తకాలూ, అదే పేరున్న మిగతావాళ్ళ గురించిన పుస్తకాలూ ఎక్కడ దొరికినా లైబ్రరీకి కొనిపించాడు. ఇద్దరు రాజులు, ఒక మంత్రగాడు, ఒక తత్వవేత్త, అలిగి ఊరు విడిచిన జనాన్ని కథ చెప్పి వెనక్కి తెచ్చిన ఒక పెద్దమనిషి. అందరినీ ఒకే అలమరలో, ఎవరి అర వారికిచ్చి పేర్చుకున్నాడు. మొత్తం నలభై ఒక్క పుస్తకాలు. ఒక అగ్రిప్పా పుస్తకం ఇంకో అగ్రిప్పా అరలో కనిపిస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ నలభై ఒక్కటీ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఎవరైనా అడిగితే బైండింగుకు వెళ్ళిందని చెప్పించేవాడు. ఆ అబద్ధం చెప్పే పని కార్డమ్మది. తాను తినడు, ఒకరిని తిననివ్వడు అంటారే, అది కూడా కాదు. ఆయన మటుకు రోజూ భోజనాల వేళ ఒక పుస్తకం విప్పుకుని తృప్తిగా చదువుకునేవాడు. నిల్చునే చదివి అలమరలో పెట్టేసే పుస్తకానికి తారీఖు ముద్ర ఎందుకు పడుతుంది? ఒక్కదాని వెనక అట్టమీదా ఒక్క తారీఖు లేదు.

కార్డమ్మకు ఆ పేరు రావడానికీ ఆయనే కారణం. పద్నాలుగేళ్ళ కిందట, చేరిన మొదటి వారంలో, రాజుగారి పుస్తకం ఒకటి కేటలాగు కార్డులో సేనాధిపతి కింద రాసింది. తెలియక చేసిన తప్పు. ఆయన ఆ కార్డును చింపలేదు. "ఇలా చేయకూడదు" అని పైన రాసి, కౌంటరు అద్దం కింద పెట్టించాడు. కొత్తగా ఎవరు చేరినా ముందు ఆ కార్డు చూపించేవాడు. కూతురు ఉద్యోగం చేసే చోటు చూసిపోదామని ఒకసారి వాళ్ళ నాన్న వస్తే ఆయనకూ చూపించాడు. నాన్న నవ్వి, "తప్పు చెప్పే పెద్దలుండడం అదృష్టమండీ" అని, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ లైబ్రరీ గుమ్మం తొక్కలేదు. ఆ కార్డు ఇప్పటికీ అద్దం కిందే ఉంది. కార్డమ్మ దానిమీదే మోచేతులానించి పనిచేస్తుంది.

సేనాని ఆఫీసరు గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆఫీసరు ఆయనకు కొడుకు వయసువాడు, కొత్తగా వచ్చినవాడు. తలుపు తెరిచే ఉండడంతో కార్డమ్మకు అన్నీ వినబడ్డాయి.

"ఏడేళ్ళలో ఒక్కసారైనా బయటికెళ్ళని పుస్తకం కాగితం మిల్లుకే మాస్టారూ. నాకేం సరదానా? స్థలం లేదు."

"అవి మామూలు పుస్తకాలు కాదు బాబూ."

"అందరూ అదే అంటారు. లారీ ఐదింటికి వస్తుంది. ఈలోపు ఎవరైనా కార్డుమీద తీసుకుంటే, తీసుకున్నవి మటుకు ఉంటాయి."

"నేనే తీసుకుంటాను."

"అలమర చూసేవాళ్ళ కార్డు ఆ అలమర పుస్తకాలకు చెల్లదు కదండీ. ఆ రూలు కింద ఉన్నది మీ సంతకమే. తనిఖీ చేస్తున్నాను కాబట్టి నాదీ చెల్లదు."

తనిఖీ వారం కావడంతో పాఠకులకు తలుపులు మూసేశారు. లోపల ఉన్నది ముగ్గురే. చెల్లే కార్డు ఒక్క కార్డమ్మదే. సేనాని గదిలోంచి బయటికొచ్చి, కౌంటరు దాకా నడిచి నిలబడ్డాడు. కార్డమ్మ తలెత్తలేదు. పద్నాలుగేళ్ళలో ఆయన ఆ కౌంటరుకు పాఠకుల వైపు నిలబడడం ఇదే మొదటిసారి.

"అమ్మా," అన్నాడు.

ఆ మాటకు ఆమెకు ఒళ్ళంతా చల్లగా, హాయిగా అనిపించింది. ఇన్నాళ్ళూ "ఏమ్మాయ్", "ఇదిగో" తప్ప ఇంకో పిలుపు ఎరగదు.

"ఒక కార్డుకు నాలుగే సార్," అంది. "నలభై ఒకటి ఉన్నాయి. ఏ నాలుగో మీరే చెప్పండి."

"నీకు పుణ్యం ఉంటుందమ్మా."

"తొందరేం లేదు. ఒక్కోటీ తీసి, ఎందుకు అక్కర్లేదో చెప్పి పక్కన పెట్టండి. నేనూ కాస్త నేర్చుకుంటాను."

ఆయన నేలమీద చతికిలబడి కట్టలు విప్పాడు. ముందు మంత్రగాడి పుస్తకాలు తొమ్మిది. "వీడి గొడవలన్నీ గాలి కబుర్లు" అని పక్కన పెట్టేశాడు గానీ, ఆఖరుదాన్ని ఒక్క క్షణం ఒళ్ళో పెట్టుకున్నాడు. తత్వవేత్తది ఒకటే పుస్తకం. "దీన్ని పదిమంది కూడా చదివి ఉండరు" అన్నాడు. కథ చెప్పిన పెద్దమనిషివి రెండు. వాటికి కారణం చెప్పలేకపోయాడు.

"కారణం సార్?"

"పిల్లల కథలే కదమ్మా," అన్నాడు, అబద్ధమాడినట్టు తల దించుకుని.

రాజుల దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. తిండికి లేవలేదు. పదకొండు పుస్తకాల్లో ఆరోది చేతికి తీసుకుని ఆగిపోయాడు. ఆకుపచ్చ అట్ట, మూలలు నలిగాయి. ఆమె తప్పు రాసిన పుస్తకం అదే. ఆయన దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"దాన్ని ఎందుకు వద్దో చెప్పండి సార్."

"మంచి పుస్తకమే ఇది," అన్నాడు నెమ్మదిగా. "మొదటి అధ్యాయం చదివితే ఎవరైనా పొరపడతారు. నేనూ ముందు సేనాధిపతిదే అనుకున్నాను."

పద్నాలుగేళ్ళ తర్వాత చెప్తున్నాడు ఆ ముక్క. ఆమెకు ఒక్క క్షణం జాలి వేసింది. జాలి వేసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. నాన్న పోయి మూడేళ్ళవుతోంది. ఈ మాట ఆయన చెవిన పడనే లేదు.

"అయితే ఉంచుకుంటారా?" అంది.

ఆయన ఆకుపచ్చ పుస్తకాన్ని మిగతావాటి మీద పెట్టాడు.

ఇక మిగిలింది సేనాధిపతే. పద్దెనిమిది పుస్తకాలు. అసలు నరకం అక్కడ మొదలైంది. సముద్ర యుద్ధం గురించిన వాటిలో ఒకటి ఉంచితే ఇంకోటి ఏడ్చేట్టుంది. నీటికాలువల మీద ఉన్నది తీస్తాడు, పెడతాడు, మళ్ళీ తీస్తాడు. చిరిగిపోయిన ఒకదానికి ఆయనే స్వయంగా గుడ్డ అట్ట కుట్టాడు. దాన్ని రెండుసార్లు వద్దనుకుని రెండుసార్లు వెనక్కి తెచ్చుకున్నాడు. ఆపరేషన్ అయిన కంట్లోంచి నీరు ధార కడుతోంది. చేతిరుమాలు తడిసి ముద్దయింది.

"ఆ కంటికి నీళ్ళు మంచివి కావు సార్," అంది కార్డమ్మ.

"అవునమ్మా. డాక్టరు కూడా అదే అన్నాడు."

నాలుగూ నలభై అయ్యేసరికి ముప్ఫయ్యేడు పుస్తకాలు ఒకవైపు పడ్డాయి. ఒక్కోదానికీ నోటితో శిక్ష చెప్పి మరీ పంపాడు. ఇన్నేళ్ళూ ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి, ఆఫీసరు చేస్తే గంటలో అయ్యే పనిని రోజంతా తన చేత్తో తానే చేశాడు. మిగిలిన నాలుగింటినీ గుండెకు ఆనించుకుని లేచాడు. మోకాళ్ళు పట్టేసి, బల్ల పట్టుకుని నిలబడ్డాడు. కౌంటరు మీద వాటిని వరసగా పరిచి, వెనక అట్టలు తానే తెరిచి, తారీఖు కాగితాలు ఆమె వైపు తిప్పాడు. ముద్ర ఎక్కడ వేయాలో వేలితో చూపించాడు.

"వెయ్యమ్మా. నీ మేలు ఈ జన్మకు మరవను."

కార్డమ్మ ముద్ర తీసుకుంది. తారీఖు సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. మళ్ళీ దాన్ని డబ్బాలో పెట్టి మూత వేసింది.

"నా కార్డుమీద నాలుగూ అయిపోయాయి సార్."

ఆయనకు అర్థం కాలేదు. "ఎప్పుడు?"

"పొద్దున. మీరు రాకముందే తీసుకున్నాను."

"ఒక్కటి... ఒక్కటైనా వాపసు ఇచ్చెయ్యమ్మా."

"తీసుకున్న రోజే వాపసు పుచ్చుకోం కదా సార్."

వీధిలో లారీ వెనక్కి తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆఫీసరు తాళాలు తీసుకుని వెనక తలుపు వైపు వెళ్ళాడు. తెరిచిన నాలుగు అట్టలనూ సేనాని ఒక్కొక్కటే మూశాడు. ఎన్నో ఏళ్ళుగా ఎవరి చేతిలో పుస్తకం కనిపించినా అడిగే ప్రశ్న ఒకటుంది ఆయనకు. ఈసారీ నోరు తనంతట తానే దాన్ని అడిగేసింది.

"ఏం పుస్తకాలమ్మా?"

"చూసుకోలేదు సార్," అంది కార్డమ్మ. "చేతికేవందితే అవే తీసుకున్నా."