ఒక్కరు పట్టే గది

గుండీలోణ్ణి మళ్ళీ గదిలో వేశారు.

గుండీలు ఏరి డబ్బాల్లో వేసే పని గనక వాడికా పేరు. వాడు చేసిన నేరమల్లా కూర్చున్నచోట ముందుకీ వెనక్కీ ఊగడం. పైన ఫ్యాను కీచుమంటుంటే ఊగితేగానీ వాడి బుర్ర కుదుటపడదు. సూపర్‌వైజరు జబ్బ పట్టుకుని ఈడ్చుకెళ్ళాడు. దానికి శాంతి గది అని పేరు పెట్టారు, ఎవరి శాంతో మరి. కాళ్ళు చాపుకునే చోటు లేదు, కిటికీ లేదు, గోడకవతలే మోటారు.

అట్టపెట్టెలు మడిచే పెట్టెలక్క అంతా చూసింది. ఆ గదిలో ఆమె కూడా ఒకసారి ఉంది. ఆ మోటారు రొద ఇప్పటికీ నిద్రలో వినిపించి ఉలిక్కిపడి లేస్తుంది. ఆటిజం ఉన్నవాళ్ళకి బతుకుతెరువు చూపిస్తున్నామని గేటు మీద బోర్డుంది. ఆ బోర్డు చూసి చందాలిచ్చేవాళ్ళు బోలెడుమంది. లోపలున్నవాళ్ళని ఎలా ఉన్నారని అడిగిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు.

భోజనాల వేళ మిగిలిన ఐదుగురూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేకపోతే వాళ్ళకి మాట సాఫీగా వస్తుంది.

"గొడవ చేస్తే పంపించేస్తారు. మా వదిన నన్ను ఇంట్లో ఉండనివ్వదు" అన్నాడు లేబుళ్ళంటించే మావయ్య.

"నోరు మూసుకున్నా గదిలో వేస్తున్నారుగా" అంది పెట్టెలక్క.

"మన ఇళ్ళవాళ్ళు మాట్లాడతార్లే" అన్నాడు చివర కూర్చున్నతను.

నోటితో మాట్లాడని చెల్లి ఫోనులో ఏదో కొట్టింది. ఫోను పైకి చదివింది. "ఆ గది మంచిదని మా నాన్నకి చెప్పారు. సరేనన్నాడు. నన్నెవరూ అడగలేదు."

లోపల తల గోడకేసి కొట్టుకుంటున్న చప్పుడు మొదలైంది.

"తలుపు తియ్యమని అడుగుదాం. అందరం వెళ్దాం" అంది పెట్టెలక్క. అనేసి తనే ముందు లేచింది.

వెళ్ళి అడిగారు. సూపర్‌వైజరు నవ్వి తలుపు బార్లా తీశాడు. గుండీలోడు మూల ముడుచుకున్నాడు. నుదురు చిట్లి రక్తం కారుతోంది.

"తీశాను. వీడికి తోడు ఎవరెళ్తారు? నువ్వెళ్తావా?"

అది బెదిరింపు. పెట్టెలక్క దాన్ని ప్రశ్నే అనుకుంది. అడిగినదానికి జవాబు చెప్పాలి కదా.

"వెళ్తాను" అని లోపలికి నడిచింది. వెనకాలే చెల్లి, తరవాత మిగిలిన ఇద్దరూ, ఆఖర్న కళ్ళు గట్టిగా మూసుకుని మావయ్య. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తేనే భరించలేని మనుషులు భుజాలు రాసుకుంటూ ఇరుక్కున్నారు. మోటారు హోరెత్తుతోంది. పెట్టెలక్కకి ఊపిరాడలేదు. భయంతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఊగింది. పక్కవాళ్ళూ ఊగారు.

సూపర్‌వైజరు మొహంలో నవ్వు పోయింది. "బయటికి రండి. చందాలిచ్చేవాళ్ళు వచ్చే టైమైంది."

"రానివ్వండి. ఈ తలుపు పీకేసేదాకా మేం రాం" అంది పెట్టెలక్క.

"అయితే లోపలే చావండి" అని అతను తలుపు నెట్టాడు. మావయ్య వీపుకి తగిలి ఆగింది. భుజం ఆనించి బలమంతా పెట్టి మళ్ళీ నెట్టాడు. లోపల ఆరుగురున్నారు. తలుపు పడలేదు.