బురద మింగిన బూటు

ముందు మడమ లేపాలి, కిందికి కాస్త గాలి పోనివ్వాలి, అప్పుడు కాలు లాగాలి. తొందరపడితే కాలొస్తుంది, బూటు రాదు. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఏరు సముద్రంలో కలిసే ఆ ఏటిమొగలో, అందరూ బురదక్క అని పిలిచే ఆవిడది ఇదే నడక. అయినా ఆ బురద ఆవిడ బూట్లు ఎన్ని మింగిందంటే, అడుగున పీతలన్నీ బూట్లేసుకుని కవాతు చేస్తున్నాయని పడవ నడిపేవాడు ఒట్టేసి మరీ చెబుతాడు. పీతకున్న కాళ్ళు తలుచుకుంటే నమ్మక తప్పదు.

పాడైపోయిన ఏటిమొగకు మళ్ళీ ప్రాణం పోసే శాస్త్రవేత్త ఆవిడ. వినడానికి గొప్పగానే ఉంటుంది. ఇంట్లో ఆయన మాత్రం గుమ్మంలో బకెట్టు పెట్టి, "కాళ్ళు బయట వదిలేసి మిగతా మనిషివి లోపలికి రా" అంటాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మడ అడవి మొక్కలను దువ్వెనతో దువ్వినట్టు వరసల్లో నాటించింది. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. మొక్కలు మాత్రం ఒక్క వానాకాలం దాటలేదు. దాంతో ఆవిడకు నాటడం మీద మోజు పోయింది. చివరికి, సముద్రపు పోటుకు అడ్డంగా ఎప్పుడో ఎవరో పోసిన పాత గట్టుకు గండి కొట్టించి, పోటునీరే గింజలు తెస్తుందని కూర్చుంది. గండికేసి చూస్తూ కూర్చోవడం కూడా ఉద్యోగమేనా అని ఆఫీసులో నవ్వుకున్నారు. రెండు వానాకాలాలు గడిచినా లోపల మొలకన్నది కనపడలేదు.

ఈవేళ్టితో ఆవిడ ఉద్యోగం ఆఖరు. రేపటి నుంచి పెత్తనం కొత్త అధికారిది. ఆయన గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాడు.

"మీ మీద గౌరవం లేక కాదు మేడమ్. గింజలు లోపలికొస్తున్నట్టు ఏదైనా చూపించండి. లేదంటే గండి పూడ్చేసి మొక్కలు నాటేస్తాం."

"వరసల్లోనా?"

"వరసల్లోనే."

ఆవిడ బురదలోకి దిగింది. పడవవాడూ వెనకే దిగాడు. ఎటు చూసినా నున్నటి బురద, దాని మీద కొంగల అడుగులు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆవిడకు నడుము పట్టేసింది. చూపించడానికి ఏమీ దొరకలేదు. తన బతుకంతా ఇలాగే ఏ గుర్తూ మిగలకుండా నున్నగా ఉందా అనిపించింది.

"అక్కా," పడవవాడు పిలిచాడు. "ఇది నీదే. పీతలు తిరిగిచ్చేశాయి."

కిందటి వానాకాలంలో బురద మింగిన ఎడమ బూటు. అంచు దాకా బురద నిండి నిటారుగా నిలబడి ఉంది. దాని నోట్లోంచి మడ మొక్క మొలక ఒకటి రెండాకులు విప్పుకుని చూస్తోంది.

ఆవిడ చతికిలబడి బూటులోని బురదలో వేలు గుచ్చింది. గట్టిగా తగిలింది. బూటు పక్కన బురదలో గుచ్చింది. జావ.

"గింజలు వస్తూనే ఉన్నాయిరా," అంది మెల్లగా. "వాటికి కాలు నిలవడం లేదంతే. వచ్చిన నీళ్ళే మళ్ళీ లాక్కుపోతున్నాయి. ఈ బూటులో బురద కదల్లేదు కనక ఇది బతికింది."

అధికారి దిగి వచ్చాడు. రెండో అడుగులోనే ఒక చెప్పు పోయింది. ఆయన దానికోసం కాసేపు వెతికి, ఆశ వదులుకుని, ఒంటిచెప్పుతో వచ్చి మొలకను చూశాడు.

"ఒక్కటేగా మేడమ్."

"లోపలికి దారుందని ఆ ఒక్కటీ చెప్పింది కదా బాబూ. బురద గట్టిపడనివ్వండి, మిగతావీ నిలబడతాయి."

ఆయన గండికేసి, ఆకులకేసి, తన బోసికాలికేసి చూసుకున్నాడు. "సరే. ఇంకో రెండు వానాకాలాలు చూద్దాం."

పడవవాడు బూటు మీద చెయ్యి వేశాడు. "ఇంటికి పట్టుకుపోదామా అక్కా? కుడిది ఒంటరిగా ఉందన్నావుగా."

"ముట్టుకోకు. ఉన్నవాళ్ళను ఖాళీ చేయిస్తావా?"

పోటు మొదలైంది. ఆవిడ పడవంచు మీద కూర్చుని, బూట్లు విప్పి, కాళ్ళు ఏటి నీళ్ళలోనే కడుక్కుంది. ఇంటి దగ్గర ఇక బకెట్టుతో పని లేదు. పడవ మలుపు తిరిగింది.

గండిలోంచి నీరు చప్పుడు లేకుండా లోపలికి పాకింది. బూటు మడమ మునిగింది, అంచూ మునిగింది. నీటి పైన రెండాకులు మాత్రం, ఇంకా బురద వదలకుండా, అటూ ఇటూ ఊగుతున్నాయి.