వంతు తప్పిన మంత్రం

ఆటలో కోపమేంటని అడిగేవాళ్లతో నాకు మొదటినుంచీ పడదు. వాళ్ల వంతు ఎప్పుడూ ఎవరూ లాక్కుని ఉండరు.

బాన్సువాడ బస్టాండు దగ్గర నవనీత్‌కు జిరాక్స్ షాపు ఉంది. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, మేడ మీది గదిలో ఐదుగురం కూర్చుంటాం. మాది నోటితో ఆడే కథల ఆట. నవనీత్ కథ నడుపుతాడు. మిగతా నలుగురం అందులో మంత్రగాళ్లం. మా దగ్గరున్నవల్లా పాచికలు, కాగితాలు, ఒక స్టీలు గ్లాసు. నా మంత్రగత్తె పేరు నిప్పుకంటి. రెండేళ్ల కింద దానికి దీపం వెలిగించడం కూడా సరిగ్గా రాదు. ఒక్కో ఆదివారం ఒక్కో మంత్రం నేర్పించి పెంచుకొచ్చాను. వారమంతా ల్యాబులో ఎవరెవరివో రక్తాలు పరీక్షించే నాకు మూడు గంటలపాటు దొరికే ఇంకో బతుకు అది.

ఆ రోజు ఆటలో గుంపు మంత్రం వేయాలి. కొండల్లోంచి నల్ల వరద ఊరి మీదికి వస్తోంది, నలుగురి శక్తీ ఒకరి చేతిలో పెట్టి దాన్ని ఆపాలి. బల్ల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీస్తాం. అందరూ కుడి అరచెయ్యి దాని లోపల పెట్టాలి. ముగ్గురు తమ పాచికలు గ్లాసులో వేస్తారు, వేశాక వాళ్లకు వారం దాకా ఏ మంత్రమూ ఉండదు. నాలుగోవాళ్లు పెద్ద. ఆ పెద్దే మంత్రమంతా చదివి గ్లాసు బోర్లించాలి. చదవడం పూర్తికాకముందే ఎవరు చెయ్యి తీసినా వలయం తెగిపోతుంది, తీసినవాళ్ల మంత్రగాడు చచ్చిపోతాడు. ఆ నియమం రాసింది నేనే.

వంతుల చిట్టీ పెట్టించిందీ నేనే. మాది కోటగిరి దగ్గర కాలువ చివరి పొలం. నీళ్లకు వంతులు రాసే ఉంటాయి, కానీ సరిగ్గా మా వంతు రోజే పైన ఎవరికో అర్జెంటు పడుతుంది. మా నాన్న హరనాథబాబు పళ్లు కొరుక్కుంటూ గట్టు మీద తిరగడం చూస్తూ పెరిగినదాన్ని. అందుకే ఏ ఆదివారం ఎవరు పెద్దో ముందే రాసి గోడకు అంటించాం. ఆ ఆదివారం ఎదురుగా నా పేరు ఉంది. మంత్రం పన్నెండు పాదాలు, వారం రోజులు కూర్చుని రాశాను.

నవనీత్ సుద్ద గీత గీస్తూ, నా మొహం వైపు చూడకుండా, ఈసారి భూమేశ్ పెద్దగా ఉంటాడన్నాడు. భూమేశ్ మంత్రగాడికి బలం ఎక్కువట. వరద పెద్దదట, తేడా వస్తే రెండేళ్ల కథ మునిగిపోతుందట. భూమేశ్ రైస్ మిల్లులో సూపర్‌వైజరు. ఆ అలవాటేమో, అప్పటికే గ్లాసు తన ముందుకు లాక్కున్నాడు. వినోద్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. స్కూల్లో లెక్కలు చెప్పే శ్రీలత ఎప్పట్లాగే ఏమీ అనలేదు.

నా వంతు కదా అన్నాను. వచ్చే వారం తీసుకోమన్నాడు నవనీత్. పైగా నేను రాసిన మంత్రం కాగితం ఇమ్మని భూమేశ్ చెయ్యి చాపాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గింత కోపమేంది సిరీషా? ఆటే కదా," అన్నాడు నవనీత్. "అందరి మంచికే చెప్తున్న."

అందరి మంచి. కాలువ గట్టు మీద మా నాన్నకూ ఇదే మాట చెబుతారు. ఆ మంచిలో మేం ఎప్పుడూ ఉండం. కాగితం ఇచ్చేశాను. పాచిక గ్లాసులో వేసి, చెయ్యి గీత లోపల పెట్టాను. నేను చల్లబడ్డానని అనుకున్నారు.

భూమేశ్ మిల్లులో బస్తాల లెక్క చదివినట్టు చదివాడు. ఐదో పాదంలో, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మా అమ్మ దిష్టి తీస్తూ అనే మాటలు కొన్ని కలిపాను. అక్కడ కిసుక్కున నవ్వి, ఇదేదో అర్థం కాలేదంటూ దాటేశాడు. పదకొండు పాదాలు ఓర్చుకుని విన్నాను. పన్నెండోది అతని నోట్లోంచి రాకముందే చెయ్యి తీసేశాను.

వరద కట్ట దాటింది. నిప్పుకంటి చచ్చిపోయింది. ఆ మాట నవనీత్ పలకలేకపోతే నేనే పలికాను. కోపంతోనే అనుకున్నాను గానీ అందులో కొంత ఏడుపు కూడా ఉంది. భూమేశ్ లేచి, ఒక్కదాని మొండితనానికి అందరి రెండేళ్లూ నాశనమయ్యాయని అరిచాడు. నేను గోడ మీది చిట్టీ పీకి బల్ల మీద కొట్టాను.

"చదవండి. ఎవరి పేరుంది ఇక్కడ? ఒకళ్ల వంతు మింగేసి మంచి మాటలు చెప్పడానికి సిగ్గుండాలి."

శ్రీలత ఒక్కతే ముందుకు వంగి చదివింది. ఆమె ఎడమచేతి వేలు నా పేరు మీద ఆగలేదు, పైకి జరిగింది. ఎండాకాలంలో ఒకచోట, దసరా తర్వాత ఒకచోట, శ్రీలత పేరు కొట్టేసి పక్కన 'తర్వాత' అని రాసి ఉంది. ఆకుపచ్చ సిరా. ఆ గదిలో ఆకుపచ్చ పెన్ను వాడేది నేనొక్కదాన్నే.

గుర్తొచ్చింది. శ్రీలత గొంతు చిన్నది, గుంపు మంత్రం మోయలేదని నవనీత్ అంటే, నిజమేనని పెన్ను తీసింది నేను. ఆమెను ఒక్క మాట అడగలేదు. ఆ రెండుసార్లూ గ్లాసు బోర్లించింది కూడా నేనే.

"నేను మర్చిపోలే," అంది శ్రీలత. "గప్పుడు నువ్వు గూడ అందరి మంచికే అన్నవ్."

నవనీత్ మీద కోపం అలాగే ఉంది. నా మీది కోపం వచ్చి దాని మీద పడింది. ఏం చేయాలో తెలియక భూమేశ్ ముందున్న గ్లాసు లాగి శ్రీలత ముందు పెట్టాను. కథ వెనక్కి తిప్పుదాం, మంత్రం నువ్వే చదువు అన్నాను.

ఆమె గ్లాసును వెనక్కి తోసింది. "నీ కోపం తీర్చుకునేతందుకు నాకియ్యకు. నా వంతు నాకు రావాలె, గంతే."

తర్వాత నా పెన్ను అడిగింది. ఇచ్చాను. చిట్టీలో వచ్చే ఆదివారం ఎదురుగా నవనీత్ నాకు ఇస్తానన్న చోట, తన పేరు తానే రాసుకుంది. ఎడమ చేత్తో రాయడం వల్ల అక్షరాలు వంకరటింకరగా పడ్డాయి. కుడి అరచెయ్యి ఇంకా సుద్ద గీత లోపలే ఉంది. నేను వలయం తెంపినా ఆమె చెయ్యి తీయలేదు.