చాట కింద నౌషీన్

కోరుట్లలో ఆ వాడకు తెల్లవారిందంటే తడిపిన తునికాకు వాసన లేచిందన్నమాట. మైమూనా బీ గడప పక్కన గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు కత్తిరించి, చిటికెడు తంబాకు రాల్చి, చుట్టి, దారం కట్టి, బీడీని పక్కన పడేస్తూ ఉంటుంది. కూతురు నౌషీన్ టిఫిన్ డబ్బా సంచీలో వేసుకుని సిరిసిల్ల బస్సుకు ఉరుకుతుంది. ఇంటాయన అబ్దుల్ రహీం మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎదురింట్లోంచి గుట్టను చూస్తూ కూర్చుంటాడు.

ఎదురింటి మీదుగా కాదు, ఎదురింట్లోంచే. అది రెండంతస్తుల ఇల్లు. కింద షట్టరు, పైన నీళ్ల ట్యాంకు. ఆయన దుబాయి పోయిననాడు అక్కడ ఖాళీ జాగా ఉండేది కాబట్టి ఆయనకు ఇప్పటికీ అది ఖాళీ జాగానే. ఆ ఇంటివాళ్లు దీన్ని పట్టించుకోలేదు. వాళ్ల కోడలు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ, "చాచా, గుట్ట మీద ఎవరి మేకలు మేస్తున్నయి?" అని ఆటపట్టిస్తుంది కూడా. ఆ మాట ఆయనకు వినపడదు. ఆమె కూడా ఆయన పోయాక వచ్చిన మనిషే కదా!

చాలా ఏండ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్లకు ఇలా జరగడం ఆ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. ఇబ్రహీంపట్నం దేవేందర్ ఇప్పటికీ పాత బస్‌స్టాప్ ఉన్నచోటే నిలబడతాడట. ఆయన్ను చూసి డ్రైవర్లే అక్కడ బస్సు ఆపుతారు. "కొత్తయి నెమ్మదిగ అందుతయి తీ" అంటారు ఊళ్లో. కొందరికి అందుతాయి, కొందరికి అందవు. ఎవరి పనుల్లో వాళ్లుంటారు.

నౌషీన్ కడుపులో ఉండగా పోయిన మనిషి అబ్దుల్ రహీం. అక్కడ సేటు పాస్‌పోర్టు గుంజుకుంటే పారిపోయి, కాగితాలు లేని బతుకు బతికి, చివరకు అక్కడి సర్కారు మాఫీ ఇచ్చినప్పుడు ఈ వానాకాలంలో ఇల్లు చేరాడు. అన్నేండ్లూ ఫోన్లు చేశాడు. నౌషీన్ మాట్లాడితే "హలో, హలో" అని పెట్టేసేవాడు. వీడియోలో తల్లి పక్కన కూర్చుంటే "గోడ ఎందుకు చూపెడుతున్నవ్?" అనేవాడు. మైమూనా కూతురి పేరు ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవిలో గరగర తప్ప ఏమీ పడలేదు. నెట్ బాగాలేదనుకున్నారు తల్లీకూతుళ్లు. పాపం, అలా అనుకోక ఏమనుకుంటారు?

వచ్చిన మొదటి సాయంత్రం ఆయన మైమూనా పక్కన కూర్చుని, చాట అంచు మీద గోటితో కొట్టాడు. టక్, టక్... టక్. దుబాయి పోకముందు రోజూ అదే ఆట. ఆయన కొడితే కడుపులోని పసిది లోపలినుంచి తన్నేది, చాటలో తంబాకు ఎగిరిపడేది. నౌషీన్ పుట్టాక మైమూనా అదే చప్పుడును బిడ్డ వీపు మీద జోకొడుతూ నిద్రపుచ్చింది.

ఆయన చాట మీద అరచెయ్యి ఆనించి ఎదురుచూశాడు. తంబాకు కదల్లేదు. నౌషీన్ చాయ్ కప్పుతో ఎదురుగా నిలబడి ఉంది.

"మైమూనా, నీ కడుపులది ఏమాయె?"

"ఇగో, నీ ముంగటనే నిలబడ్డది కదా జీ. చాయ్ తెచ్చింది."

ఆయన చాయ్‌ని చూశాడు. నౌషీన్ ముఖంలోంచి వెనక గోడ మీది క్యాలెండర్ మేకును చూశాడు. "దక్కలేదని చెప్పనీకి నోరొస్తలేదు నీకు" అని, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. నౌషీన్ ఆయన భుజం పట్టుకుంది. ఈగ వాలినట్టు ఆయన అక్కడ దులుపుకున్నాడు. ఆ పిల్ల ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆ తరువాత ఆయన చాట మీద కొట్టడం మానేశాడు. వచ్చే గురువారం, జుమేరాత్ నాడు, మగ్రిబ్ నమాజు లోపల, దక్కకుండా పోయిన బిడ్డ పేరున, చనిపోయినవాళ్లకు చదివే ఫాతిహా చదువుదామన్నాడు. పేరు లేదు కాబట్టి "నా బిడ్డ" అనే చదువుతానన్నాడు. మైమూనా మొదట కొట్లాడింది, తరువాత బతిమాలింది. ఆ తరువాత, అదేమిటో, కొట్లాడటం మరిచిపోయింది.

బుధవారం నౌషీన్ సిరిసిల్లలో నర్సింగం కార్ఖానాలో కూర్చుని ఉంది. వీధంతా సాంచాల, మరమగ్గాల చప్పుడు. నర్సింగం దగ్గర సాంచాలు లేవు. చీరల అంచుకు పువ్వులు నేయడానికి కావలసిన అట్టలకు చిల్లులు పొడిచే మెషిన్ ఉంది, దాన్ని నడిపే ముసలి కంప్యూటర్ ఉంది. ఫోన్లో తీసిన బొమ్మను చుక్కలుగా విడగొట్టి చిల్లులుగా మార్చే ప్రోగ్రాం రాయడం నౌషీన్ పని. ఆ విడగొట్టే విద్య ఎవరో ముందే రాసిపెట్టిన ఒక లైబ్రరీలో ఉంది. దాన్ని ఎక్కించబోతే తెర నిండా ఎర్రటి అక్షరాలు. ఈ మెషిన్‌లో ఉన్న ప్రోగ్రామింగ్ భాష మరీ పాతది, నాకు దానికన్నా కొత్త వర్షన్ కావాలి, అని వాటి సారాంశం.

"మనిషికి జరమొస్తే మొకం ఎర్రగైతది, దీనికి అక్షరాలు ఎర్రగైతయి" అన్నాడు నర్సింగం.

నౌషీన్ భాషకు కొత్త వర్షన్ ఎక్కించబోయింది. అసలు ఈ కంప్యూటరే నాకు సరిపోదని అది మొరాయించింది.

"విండోసే మార్చనా కాకా?"

"వద్దు బిడ్డా, దాన్ని ముట్టకు! అది మారితే చిల్లుల మెషిన్ దీని మాట ఇనది. రెండు ఒక్కనాడు కొన్నయి, రెండు ఒక్కతీరుగ ముసలివైనయి."

సాయంత్రం బస్సులో కండక్టర్ ఆడవాళ్లందరికీ ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టుకుంటూ వచ్చి, నౌషీన్ ముందు ఆగకుండా వెనక సీటుకు పోయాడు. "అన్నా, టికెట్" అంది. ఆయన వెనక్కి తిరగలేదు. వేములవాడలో ఎక్కిన ఒకావిడ తన కూరగాయల సంచీని తెచ్చి నౌషీన్ ఒళ్లో పెట్టి, చున్నీతో చెమట తుడుచుకుంది. ఖాళీ సీటు మీద పెట్టినట్టే పెట్టింది. ఆ బరువు మోస్తూనే నౌషీన్ కోరుట్ల దాకా వచ్చింది. ఇంటికి పోతే తల్లి రెండే పళ్లాలు వడ్డించి ఉంది.

"అమ్మీ, నాకో?"

మైమూనా ఉలిక్కిపడింది. "అయ్యో, యాదికే లేదు బేటా" అని లేచి మూడో పళ్లెం తెచ్చింది. తెచ్చి, దాన్ని ఎవరి ముందు పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని నిలబడింది.

జుమేరాత్ పొద్దున నౌషీన్ లేచేసరికి తల్లి ఆమె బట్టలన్నీ మూట కడుతోంది.

"ఏం చేస్తున్నవ్ అమ్మీ?"

"ఎవరియో బట్టలు మనింట్ల ఉన్నయి. ఎవరికన్న ఇద్దామని." మైమూనా తలెత్తి చూసింది. చూసిన కొద్దీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు... నీ పేరు... ఆగు, నా నాలిక మీదనే ఉన్నది."

నౌషీన్ బయటికి వచ్చి ఫోన్ మీద వేలు పెట్టింది. గుర్తుపట్టలేదంది ఫోన్. వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట. అప్పుడు ఆమెకు నిజంగా భయం వేసింది. లేదని నమ్మిన మనిషి ఒక్కడే అయినా, ఆయన నమ్మకం ఇంట్లోంచి వాడకు, వాడలోంచి రోడ్డుకు పాకుతోంది. సాయంత్రం తండ్రి ఆ ఫాతిహా చదివితే ఇక తను మిగలదు. ఇంట్లో ఉంటే ఇంకా తొందరగా కరిగిపోతానేమోనని బస్సెక్కింది. ఆ ముసలి కంప్యూటర్‌కైనా తనతో పనుంది కదా అనుకుంది.

"ఎవరు గావాలె బిడ్డా?" అన్నాడు నర్సింగం గుమ్మంలో. మళ్లీ కండ్లు నలుపుకుని, "అరె, నువ్వా! పొద్దుపొద్దున్నే చూపు ఆనుతలేదు" అన్నాడు.

నౌషీన్ లైబ్రరీ పేరు కొట్టింది. మళ్లీ ఎర్రటి అక్షరాలు. ఈసారి వాటిని మొదటినుంచి చివరిదాకా చదివింది. ఉత్త పేరు చెబితే అది ఎప్పుడూ అన్నిటికన్నా కొత్తదాన్నే తెస్తుంది. కొత్తది ఈ మెషిన్ గడప దాటలేదు. తన ల్యాప్‌టాప్ తెరిచి ఆ లైబ్రరీ పాత విడుదలలన్నీ ఉన్న పేజీకి పోయింది. కిందికి, ఇంకా కిందికి జరిగింది. ఈ మెషిన్ కొత్తగా ఉన్న కాలంలో ఆ లైబ్రరీ కూడా పసిదే. తెలిసిన పని నాలుగు ముక్కలే, కానీ నర్సింగం పువ్వులకు అవి చాలు. దాన్నీ, దానికి తోడు కావలసిన మరొకదాన్నీ, రెండూ ఆ ఈడువే ఏరి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, పేరుతో పాటు వర్షన్ కూడా చెప్పి ఎక్కించింది.

ఎర్ర అక్షరాలు రాలేదు. కాసేపటికి మెషిన్ కటకటమంటూ అట్టలకు చిల్లులు పొడవడం మొదలుపెట్టింది.

"పాసైనవ్ పో!" అని నర్సింగం అట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. "గిన్ని దినాలు ఎందుకు సతాయించింది మరి?"

"నేనే కాకా. ఇది గుర్తుపట్టేదాన్ని ఇయ్యకుంట రోజు కొత్తదాన్నే తెచ్చి ముంగట పెట్టిన."

అని, అన్న మాట దగ్గరే ఆగిపోయింది. తండ్రి ముందు రోజూ తను నిలబెడుతున్నది ఎవరిని? జీన్స్ వేసుకుని, చాయ్ కప్పు పట్టుకుని, ఆయన ఎన్నడూ చూడని ముఖంతో నిలబడే నౌషీన్‌ని. ఆయనకు తెలిసిన బిడ్డకు ముఖం లేదు, గొంతు లేదు. తెలిసింది ఒక్క చప్పుడే.

సంచీ కూడా తీసుకోకుండా బస్టాండుకు ఉరికింది. ఆమె చెయ్యెత్తితే ఏ బస్సూ ఆగలేదు. ఒక ముసలాయన కోసం ఆగిన బస్సులో ఆయన వెనకే ఎక్కింది.

కోరుట్ల చేరేసరికి ఎండ పసుపుపచ్చగా వాలింది. ఇంట్లో అగర్‌బత్తి వాసన. చాప మీద మీఠా చావల్ తీపన్నం, పైన శుభ్రమైన గుడ్డ. అబ్దుల్ రహీం తలకు రుమాలు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదురుగా మైమూనా, అలవాటు చొప్పున ఒళ్లో చాటతోనే ఉంది.

"పక్కకు పెట్టు మైమూనా, మగ్రిబ్ అయితది."

"గీ కట్ట అయినంక పెడుత."

"అమ్మీ" అంది నౌషీన్. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు. తల్లి కూడా తిప్పలేదు. 

అబ్దుల్ రహీం చేతులు పైకెత్తాడు. పెదవులు కదిలాయి. నౌషీన్ మోకాళ్ల మీద కూలబడి, చాట కిందికి, తల్లి కడుపుకూ చాటకూ నడుమ చెయ్యి దూర్చి, వేళ్లు మడిచి కింది నుంచి కొట్టింది.

టక్, టక్... టక్.

మైమూనా "యా అల్లా" అని కడుపు పట్టుకుంది. చాటలో తంబాకు కొద్దిగా చెదిరింది. ఆయన పెదవులు ఆగలేదు. నౌషీన్ ఇంకా గట్టిగా కొట్టింది. తంబాకు ఎగిరి ఆయన మోకాలి మీద పడింది.

ఆయన చదవడం ఆపాడు. మోకాలి మీది తంబాకును చూశాడు. ఎత్తిన చేతుల్లో ఒకటి మెల్లగా దిగి, గోరు చాట అంచును తాకింది. టక్, టక్... టక్. కింది నుంచి జవాబు వచ్చింది. ఆయన మళ్లీ కొట్టాడు. మళ్లీ వచ్చింది.

"ఉన్నది" అన్నాడు. "మైమూనా, ఉన్నది!"

రెండు చేతులతో చాటను పైకెత్తాడు. ఆయనకు ముందు వేళ్లు కనపడ్డాయి. దెబ్బకు ఎర్రబడ్డ కణుపులు కనపడ్డాయి. వాటిని పట్టుకుని, జారిపోతాయేమోనని గట్టిగా పట్టుకుని, మణికట్టు, మోచెయ్యి, భుజం, ఒక్కొక్కటే తడుముకుంటూ పైకి వచ్చి ముఖం దగ్గర ఆగాడు. ఈసారి ఆయన చూపు గోడను చేరలేదు.

"ఇన్నేండ్లు సప్పుడు చెయ్యకుంట ఎటు వొయినవ్ బిడ్డా?"

"ఈడనే ఉన్న అబ్బా."

ఆ మాట ఆయనకు వినపడింది. వినపడిందని ఆయన గడ్డం వణకడంలోనే తెలిసింది. ముక్కు ఎగబీల్చి భార్య వైపు తిరిగాడు.

"పేరేం పెట్టినవ్ మైమూనా?"

మైమూనా నోరు తెరిచింది. పొద్దుటినుంచి నాలుక మీదే నిలిచిపోయిన మాట ఇంకా రాలేదు. ఆమె కూతురి వీపు మీద చెయ్యి వేసి జోకొట్టింది. టక్, టక్... టక్.

"నౌషీన్" అంది.

అగర్‌బత్తిని ఆయనే వేళ్లతో నలిపి ఆర్పాడు. మీఠా చావల్ చల్లారకముందే చాప మీద మూడు పళ్లాలు పడ్డాయి.

ఎదురిల్లు మాత్రం ఆయనకు ఇప్పటికీ అందలేదు. మేకల సంగతి అడిగే ఆ ఇంటి కోడలి మాటా అందలేదు. ఇంట్లో బట్టల మూట విప్పారు, కండక్టర్ టికెట్ ఇస్తున్నాడు, ఫోన్ వేలిని గుర్తుపడుతోంది. అయినా రాత్రి నిద్రపోయి లేచేసరికి అబ్దుల్ రహీం చూపు మళ్లీ గోడ మీదికే పోతుంది. అందుకే నౌషీన్ పొద్దున లేవగానే ముందు వచ్చి చాట కింద చెయ్యి పెట్టి కొడుతుంది. ఆయన తల తిప్పి పేరు పెట్టి పిలిచేదాకా కొడుతుంది. ఆ తరువాతే సిరిసిల్ల బస్సుకు పోతుంది.