సున్నా పాయింట్ ఇరవై మూడు

మా ఖమీస్ కాఫీ హోటల్లో రమ్మీకి ఒకటే ధర్మం. కౌంటు తక్కువున్నవాడు గెలిచినట్టు, ఎక్కువున్నవాడు ఓడినట్టు. ఓడినవాడు హోటలు ఓనరు ఖమీస్ నడుముకుండే మరకల గుడ్డ తన నడుముకి చుట్టుకుని, ఆ పూటంతా అందరికీ టీ పొయ్యాలి. ఫాస్ఫేటు గనుల్లో ముప్పై ఏళ్లు దుమ్ము మింగి బయటపడిన మాకు మెత్లవీ ఊళ్లో మిగిలిన రాజ్యాంగం అదొక్కటే. దానివల్లే నా గుట్టు రట్టయింది.

నా పేరు తిజానీ. గని కార్మికుల సంఘం తరఫున మూడు సమ్మెలు నడిపాను, రెండుసార్లు జైలుకెళ్లాను. మైకు లేకుండా రెండు వీధుల అవతలికి వినపడే గొంతు నాది. ఎనిమిదేళ్ల కింద ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తే స్ఫాక్స్ నగరంలో పొట్ట కోసి గ్రంథి మొత్తం తీసేశారు. ఆ తర్వాత ఏడాదిపాటు ఉచ్చ కారుతూనే ఉండేది, లోపల గుడ్డలు పెట్టుకుని తిరిగాను. మంచం సంగతి అడక్కండి. అడిగితే చెప్తాను, ఇబ్బంది మీకే.

అప్పుడే డాక్టరు చెప్పాడు. "ఏటా రక్తపరీక్ష చేయించుకో. గ్రంథి ఉన్నవాళ్లకి ఈ అంకె రెండున్నా మూడున్నా మామూలే. నీకు గ్రంథే లేదు కాబట్టి నీది సున్నాని అంటిపెట్టుకునే ఉండాలి. సున్నా పాయింట్ రెండు దాటిందంటే ఎక్కడో వేరు మిగిలిందని అనుమానించాలి."

ఏడేళ్లు సున్నా. ఈ వేసవిలో వచ్చిన కాగితం మీద సున్నా పాయింట్ ఇరవై మూడు.

ఫోన్ చేస్తే డాక్టరు, "కంగారు పడకు. ఆరు వారాలాగి మళ్లీ చూద్దాం. అప్పుడూ అంతే ఉంటే వచ్చి రేడియేషన్ పెట్టించుకోవాలి. ఇంత చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే లొంగే అవకాశం బాగానే ఉంది" అన్నాడు. కంగారు పడకు అని చెప్పేవాళ్లందరికీ వాళ్ల గ్రంథులు వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఇంటికెళ్లేసరికి నా భార్య సాల్హా మెట్ల మీద కూచుని ఎండుమిరపకాయలు దంచుతోంది. తల ఎత్తకుండానే "ఎంత?" అంది.

"సున్నా."

కాగితం మడిచి నా ఎర్ర టోపీ అస్తరులో దోపేశాను. పోలీసుల ముందు ఎన్నో అబద్ధాలాడాను, గర్వంగా ఆడాను. ఇది మాత్రం తల వంచుకుని ఆడాను.

వారం తిరక్కుండానే కొంప మునిగింది. ఆ రోజు ఎండకి హోటల్లో ఈగలు కూడా ఎగరడం మానేశాయి. టోపీ తీసి విసురుకుంటుంటే కాగితం జారి పేకముక్కల మీద పడింది. బుల్బాబా లాక్కున్నాడు. గనుల రైలు నడిపినవాడు, చేతికి చిక్కింది వదిలే రకం కాదు.

"మగాళ్ల గ్రంథి పరీక్ష! సున్నా పాయింట్ ఇరవై మూడు! ఒరేయ్ తిజానీ, రక్తంలో కూడా కౌంటు లేకుండా చేసుకున్నావురా దొంగా!"

"మామూలుగా ఎంతుంటుంది?" అన్నాడు ఫర్జానీ. గనిలో డైనమైట్ పేల్చే పని వాడిది.

"మా బావమరిదికి రెండున్నర. బ్రహ్మాండంగా ఉందన్నాడంట డాక్టరు" అన్నాడు ఖమీస్ గ్లాసులు కడుగుతూ.

"రెండున్నరే బ్రహ్మాండమైతే వీడిది ఇంకేంటి? నేను వీణ్ణి కొట్టకపోతే మీసం తీయించుకుంటా!" అని బుల్బాబా బల్ల గుద్దాడు.

నాకు ఆపరేషన్ అయిందని వాళ్లకి తెలుసు. ఏం తీశారో తెలీదు. 'పొట్టలో ఏదో' అని చెప్పింది నేనే. ఎవరి సిగ్గు గురించైనా వీధిలో అరుస్తాను గానీ నా సిగ్గు గురించి కాదు కదా. ఇప్పుడూ చెప్పకుండా పేకముక్కలు పంచాను.

ఇంకో కడుపుమంట వినండి. 'యాభై దాటిన మగాళ్లందరూ డాక్టరుని అడిగి ఈ పరీక్ష చేయించుకోండి' అని నేనే కరపత్రాలు రాసి పంచాను. వాటిలో పొద్దుతిరుగుడు గింజలు పొట్లం కట్టుకున్నారు. ఎందుకు పోరురా అంటే, "వెనక వేలు పెడతారంట, పో!" అన్నారు. నా కరపత్రానికి కదలని వెధవలు నా కౌంటు చూసి కదిలారు! మర్నాడు పొద్దున్నే పదకొండు మంది ల్యాబు ముందు వరస కట్టారు. సమ్మె రోజున కూడా ఇంత టైముకి రాలేదు వీళ్లు. బుల్బాబా అయితే ముందురోజు మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

"దీనికి ఉపవాసం అక్కర్లేదు బాబాయ్" అంది రక్తం తీసే అమ్మాయి.

"గెలవాలంటే ఉండాలి తల్లీ. సూది కాస్త తక్కువగా లాగు, అంకె పెరిగిపోద్ది."

మూడోరోజు ఫలితాలొచ్చాయి. రమ్మీ లెక్కలు రాసే పలక తుడిచి, ఖమీస్ సుద్దతో అందరి అంకెలూ ఎక్కించాడు. ఖమీస్ ఒకటి పాయింట్ ఎనిమిది. బుల్బాబా మూడు పాయింట్ ఒకటి, మీసం గల్లంతు. అట్టడుగున ఫర్జానీ, పద్నాలుగు. పైన నేను.

"పద్నాలుగంట! ఫుల్ కౌంటు పడ్డాడురా!" అని గోల. ఫర్జానీ పగలబడి నవ్వుతూ మరకల గుడ్డ కట్టుకుని టీ కెటిలు అందుకున్నాడు. మా వైపు మగాళ్లు సంబరాల్లో పెట్టుకునేట్టు నా చెవి మీద మల్లెల గుత్తి పెట్టారు. నలుగురు నన్నెత్తి కుర్చీ మీద నిలబెట్టారు. "ఉపన్యాసం! ఉపన్యాసం!" బల్లలు డప్పులయ్యాయి. బుల్బాబా సగం మీసంతో అక్కడే గెంతుతున్నాడు. మిగతా సగం తియ్యడానికి మంగలికి నవ్వాగడం లేదు.

ఎంత బాగుందో తెలుసా అక్కడ, ఆ కుర్చీ మీద! ఒక్క క్షణం నిజంగానే గెలిచాననిపించింది. వీళ్లు నమ్మితే చాలు, ఒంట్లో రోగం కూడా నమ్మి వెళ్లిపోతుందనిపించింది.

కింద ఫర్జానీ నాకు టీ గ్లాసు అందించి, "ఒక్క నిమిషం రాజుగారూ" అని దొడ్డి వైపు పరిగెత్తాడు. హోటల్లోకొచ్చాక అది నాలుగోసారి. ఎనిమిదేళ్ల కింద, ఆపరేషన్‌కి ముందు, నేనూ ఉచ్చకి అలాగే పరిగెత్తేవాణ్ణి.

వాడు తిరిగొచ్చేదాకా ఆగాను.

"తమ్ముళ్లారా!" అన్నాను. రెండు వీధుల అవతలికి వినపడే ఉంటుంది. "మీరంతా గాడిదలు. అందరికన్నా పెద్ద గాడిదని కుర్చీ ఎక్కించారు. ఇది రమ్మీ కాదు. నాకు కోసి తీసింది ఈ గ్రంథినే. క్యాన్సరొస్తే తీశారు. లేని గ్రంథికి అంకె ఉండకూడదు. నాకుంది. అంటే అది మళ్లీ వచ్చిందేమో. ఆ కాగితం టోపీలో దాచింది గొప్పకి కాదు, భయానికి. ఒరేయ్ ఫర్జానీ, నీ పద్నాలుగు క్యాన్సరే అని నేననను. కానీ నవ్వి వదిలేసే అంకె కాదు. నాతో డాక్టరు దగ్గరికొస్తున్నావు."

ఫర్జానీ నన్ను చూశాడు, పలక చూశాడు, నడుమున గుడ్డ చూసుకున్నాడు.

"అంటే ఓడింది నువ్వన్నమాట."

"అవును."

"మరి ఇంతసేపూ టీ నాచేత పోయించావేరా, మోసగాడా!" అని గుడ్డ విప్పి నా మొహాన కొట్టాడు.

ఎవడు ముందు నవ్వాడో తెలీదు. నేను మాత్రం కుర్చీ మీంచి పడ్డాను. "ఇద్దరూ ఓడారు, ఒక గుడ్డ సరిపోదు, చించండ్రా!" అని బుల్బాబా, "నా గుడ్డ జోలికొస్తే చంపుతా!" అని ఖమీస్. నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. ఏది దేనికో ఎవరికి తెలుసు.

నాకన్నా ముందు నా గొంతు ఇంటికి చేరిపోయింది. సాల్హా గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో రోకలి.

"సున్నా అన్నావు కదయ్యా?"

"అన్నాను."

"వారం రోజులుగా మంచం మీద కూడా టోపీ తియ్యకపోతే నాకు తెలీదనుకున్నావా? రెండోరోజే నువ్వు నిద్రపోతుంటే చూశాను ఆ కాగితం. నువ్వే చెప్తావని ఆగాను. ఏడాదిపాటు నీ గుడ్డలు ఉతికింది ఎవరు, నీ సంఘమా? ఊరందరికీ చెప్పి నాకు చివర్న చెప్తావా?"

అప్పుడు ఆవిడ చూపు నా చెవి మీద మల్లెల దగ్గర ఆగింది.

"పెళ్లికొడుకులా తయారయ్యావేంటి?"

"గెలిచానే."

రోకలి పక్కన పడేసి, గుమ్మానికి ఆనుకుని ఎక్కిళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత మల్లెలు లాక్కుని తన కొప్పులో పెట్టుకుంది.

ఆరు వారాలకి రెండో కాగితం. ఈసారి టోపీలోకి పోలేదు. పలక మీదే రాయించాను: సున్నా పాయింట్ ఇరవై ఏడు. పెరిగింది. తిరిగొచ్చినట్టే లెక్క.

అందుకే ఇవాళ స్ఫాక్స్ ఆస్పత్రి హాల్లో ఉన్నాం. నాకు రేడియేషన్ మొదటిరోజు. ఫర్జానీకి సూదితో ముక్కలు తీసే పరీక్ష పొద్దున్నే అయింది, ఫలితం రెండు వారాలకి. కాళ్లు ఎడంగా పెట్టి, గుర్రం దిగినవాడిలా నడిచొచ్చి నా పక్కన మెల్లిగా ఒక పిర్ర మీద కూచున్నాడు. "వేలు పెడతారంటే పారిపోయాను, వీళ్లు తుపాకీ పెట్టార్రా" అన్నాడు.

రేడియేషన్‌కి ముందు సీసాడు నీళ్లు తాగి, ఉచ్చ బిగబట్టుకుని కూచోవాలి. దగ్గితే కారే మనిషికి ఇదేం శిక్షో చూడండి. పైగా మిషను ఆలస్యం. వరసలో ఏడుగురు ముసలాళ్లం, ఏడు నిండు సీసాల్లా కాళ్లు ముడుచుకుని కూచున్నాం. సాల్హా నా నోటికి సీసా ఆనిస్తోంది. "తాగు. నీ ఉపన్యాసాలు నేను తాగలేదా?"

నాకు ఊరుకోవడం రాదు కదా. లేచి నిలబడ్డాను. "సోదరులారా! ఎంతసేపు బిగబట్టాలి మనం?"

"కూచోరా, నవ్వించకు!" అని ఫర్జానీ ఏడుపు గొంతుతో అన్నాడు. "ఇక్కడ మాత్రం నేను గెలుస్తున్నా, నేనొక్కణ్ణే నీళ్లు తాగలేదు!"

చివరి కుర్చీలో గాబెస్ ఊరి ముసలాయన ఒకడు కిసుక్కున నవ్వాడు. అంతే, వరస మొత్తం అంటుకుంది. ఏడుగురూ తొడలు బిగించుకుని, కళ్లల్లో నీళ్లతో, ఆపండ్రా ఆపండ్రా అంటూ ఊగిపోతుంటే నర్సు తలుపు తీసింది.

"తిజానీ ఎవరు?"

"నేనే!" అని అరిచాను. అరిచినందుకు రెండు చుక్కలు జారాయి, అబద్ధమెందుకు. టోపీ తీసి సాల్హా చేతిలో పెట్టాను. ఆవిడ అస్తరు తిప్పి, వేలు పెట్టి అంతా తడిమి చూసింది.

"ఏం లేదు. పో" అంది.