పక్కనున్నవాళ్లు చెబితేనే

“ఈగలు తోలుకునేవాళ్లకి కూడా డాక్టరేట్ ఇస్తారన్నమాట!” అద్దం ముందు కాలర్ సర్దుకుంటూ అన్నాడు భర్త. ఆ హాస్యం ఏళ్లనాటిదే అయినా ఇంట్లో ఇంకా చెల్లుబాటవుతోంది. అతని భార్య, ఆ ఇంటి చిన్నకోడలు, వంటింట్లోంచే అలవాటుగా నవ్వేసి, తోడికోడలు తోమి కడిగిన గిన్నెలు తుడవసాగింది.

పండ్ల మీద వాలే చిన్న ఈగ, దాని పిండం, ఆ పిండంలో రెండు కణజాలాల మధ్య గీత గీసినట్టు నిలబడే కణాలు. డాక్టరేట్ కోసం వాటి గురించే ఈ రోజు ఆమె పరీక్షకుల ముందు, అందరూ వినే సభలో మాట్లాడాలి. దీనివల్ల ఎవరికేం లాభమని అత్తగారు అడిగినప్పుడల్లా ఆమె మాట మార్చేసేది. తోడికోడలు మాత్రం చేతిలో పని ఆపకుండానే “ఊఁ, తర్వాత?” అనేది.

ఇప్పుడూ అంతే. “ఒక్కసారి నాకు చెప్పెయ్, భయం పోతుంది.”

“ఆ కణాలు మొదట్లో అన్నిటిలాంటివే అక్కా. ఇటు పక్కవీ అటు పక్కవీ సంకేతాలు పంపితేనే అవి హద్దుకణాలవుతాయి. నేను ఒకవైపు సంకేతం ఆపి చూశాను.”

“ఆపితే?”

“గీత చెదిరిపోయింది. పక్కవాటిలో కలిసిపోయాయి.”

“అయ్యో పాపం,” అంది తోడికోడలు, అదేదో తెలిసినవాళ్ల పిల్లకి జరిగినట్టు.

చిన్నకోడలు తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టింది. పాప పుట్టాక చదువు మానేద్దామనుకున్న రోజు గుర్తొచ్చింది ఆమెకు. ‘మొగుడు పంపిస్తున్నాడు, పెట్టి పుట్టావు’ అనేవాళ్లు అందరూ. పంపడమంటే బండి మీద గేటు దగ్గర దింపడం. వానలో కూడా దింపాడు, కాదనకూడదు. కానీ ఆ రోజు ల్యాబ్ నుంచి గైడ్ మేడమ్ ఫోన్ చేసి, “నీ ఈగలకి సీసాలు నేను మారుస్తున్నానులే, త్వరగా వచ్చెయ్,” అంది. ఇక్కడ తోడికోడలు పాపని చంకనేసుకుని, “ఇల్లు నేను చూసుకుంటాలే, నువ్వు వెళ్లు,” అంది. అలా అన్నందుకు అక్క తాను నేర్చుకుంటున్న కుట్టుపని మానుకుంది. ఎందుకు మానేశావని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఆ రెండు మాటల్లో ఏ ఒక్కటి లేకపోయినా తను ఈ వంటింట్లోనే కలిసిపోయేది.

“నువ్వూ రా అక్కా.”

“నేనెలా వస్తానే? అత్తయ్యకి మందులెవరిస్తారు, పాపనెవరు చూస్తారు? మరిదిగారు వస్తున్నారుగా.”

మరిదిగారు హాల్లో ఫోన్‌లో చెప్పుకుంటున్నాడు: “అవునండీ, పట్టుబట్టి నేనే చదివించాను. ముందు వరసలో కూర్చోవాలి కదా మరి!”

ఆమె హాల్లోకి వెళ్లి, అతను ఫోన్ పెట్టేసేదాకా ఆగింది. చేతిలోని తుడుపుగుడ్డ అతని చేతికిచ్చింది. కోపం లేదు, నవ్వే ఉంది.

“ఈ రోజు మీరు ఇంట్లో ఉండండి. కాసేపట్లో పాపకి పాలు పట్టాలి. తర్వాత అత్తయ్యకి మందులు.”

“అదేంటి, నేను లేకుండానా? ముందు వరసలో ఎవరుంటారు?”

ఆమె జవాబు వంటింటి వైపు తిరిగి చెప్పింది.

“అక్కా, బట్టలు మార్చుకో. ఇల్లు ఆయన చూసుకుంటారులే, నువ్వు రా.”