రంపం మీద నీళ్లు

మా బావమరిది మీద నాకున్న కసి చచ్చేదాకా పోదు. నేను ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో పడి ఉంటే, మేమిద్దరం రాళ్లు కోయించే షెడ్డును స్థలంతో సహా అమ్మేశాడు. వాణ్ణి తిట్టుకుంటే నా తప్పు కాసేపు గుర్తుకు రాదు.

లేచి తిరిగాక ఒక సేవాసంస్థలో చేరాను. నాలాంటి రోగుల ఇళ్లకు వెళ్లి ఊపిరి కసరత్తులు నేర్పుతాను. ఆరో తరగతితో బడి మానేసిన నన్ను అందరూ "సార్" అంటుంటే, బతికినందుకు ఒక పని దొరికిందనుకున్నాను.

నెలరోజులుగా మా పాత పనివాడు బక్కోడి ఇంటికీ వెళుతున్నాను. నిన్న సీసాలో నీళ్లు పోసి, గొట్టంతో బుడగలు ఊదమన్నాను. మూడు బుడగలకే ఆయాసపడ్డాడు.

"అంతా మీ బావమరిది పుణ్యమే అన్నా," అంది వాళ్లావిడ. "రంపం మీద నీళ్లు పడితే దుమ్ము లేవదంట కదా? బురదలో రాయి మీది గీత కనబడక పని ఆలస్యమవుతోందని కుళాయి కట్టేయించాడంట, పాపిష్టోడు!"

తల ఊపి ఊరుకుందామనుకున్నాను. బక్కోడు మళ్లీ దగ్గాడు.

"వాడు కాదమ్మా. కట్టేయించింది నేను."

ఆమె గిన్నె విసురుగా పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

"ఎందుకు చెప్పావు ఓనరూ?" అన్నాడు బక్కోడు. "నీ పేరు చెబితే గడప తొక్కనివ్వదనే కదా నేను మీ బావమరిది మీదకి నెట్టింది! ఇప్పుడు నాతో బుడగలు ఎవరు ఊదిస్తారు?"

బావమరిది అమ్మేసిన స్థలం నూట ఇరవై గజాలు. వాడివల్ల నేను పోగొట్టుకున్నది అంతే; నావల్ల బక్కోడు పోగొట్టుకున్నది ఊపిరి.